ట్రినిటీ లీగులో చేర్చాలా, ఇంటి దగ్గరి బడిలోనే ఆడించాలా?

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో ఉంటున్నాము. మా అబ్బాయి ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. కొంతకాలంగా అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతున్నాడు, కార్నర్‌బ్యాక్ స్థానంలో, అంటే బంతి అందుకోవడానికి పరిగెత్తే ఎదుటి ఆటగాణ్ణి అడ్డుకునే స్థానంలో. ట్రినిటీ లీగులోని ప్రైవేటు హైస్కూల్లో చేర్చితే పెద్ద కాలేజీల వాళ్ళే వెతుక్కుంటూ వస్తారని వాడి ట్రైనరు అంటున్నాడు. ఒళ్ళు ఇంకా చేయలేదు కాబట్టి ఎనిమిదో తరగతి మరో ఏడాది చదివించమని కూడా చెబుతున్నాడు. మా వారికి ఈ ఆలోచన బాగా నచ్చింది. ఆ బడికి కావలసినవాళ్ళమని చెప్పుకునే ఒకాయన ఫీజు సంగతి తాము చూసుకుంటామన్నారు. నాకేమో తలకు దెబ్బలు తగులుతాయని, చదువు వెనకబడుతుందని భయం. గుంటూరు నుంచి మా మామగారు ఏ నిర్ణయం తీసుకున్నారని రోజూ అడుగుతున్నారు. వాడు మాత్రం "ఎక్కడైనా సరే, నన్ను ఆడనిస్తే చాలు" అంటున్నాడు. మేము ఏం చేయాలి?

సమాధానం:

అమ్మా, మీ లేఖలో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఏ బడిలో చేర్చాలన్నది ఒకటి, ఎనిమిదో తరగతి మళ్ళీ చదివించాలా అన్నది మరొకటి, ఫీజు కడతామన్న ఆయనకు ఏమని జవాబివ్వాలన్నది మూడోది. మొదటిదాని గురించే ఎక్కువగా రాస్తాను. అందులో స్పష్టత వస్తే మిగిలిన రెండూ చాలావరకు తేలిపోతాయి.

ముందుగా ఆ లీగు సంగతి ఉన్నదున్నట్టు చెప్పుకుందాం, ఎందుకంటే మీ వారు దాన్ని గొప్పదనుకోవడంలో తప్పేమీ లేదు. శాంటా అనాలోని మాటర్ డే, బెల్‌ఫ్లవర్‌లోని సెయింట్ జాన్ బాస్కో, అనహైమ్‌లోని సర్వైట్, ఆరెంజ్ లూథరన్, శాన్ వాన్ కాపిస్ట్రానోలోని జేసెర్రా, శాంటా మార్గరిటా కాథలిక్ అనే ఆరు ప్రైవేటు బడులు ఆ లీగులో ఉన్నాయి. దక్షిణ కాలిఫోర్నియాలో హైస్కూలు క్రీడలను నడిపే సదరన్ సెక్షన్ కింద 500కు పైగా బడులున్నాయి. సీజన్ చివర విజేతను తేల్చే పోటీలైన ప్లేఆఫ్‌లు వచ్చేసరికి ఆ సెక్షన్ వారు ఫుట్‌బాల్ జట్లను ఆ ఏడాది ఆటల్లో తేలిన బలాన్ని బట్టి 14 డివిజన్లుగా విడదీస్తారు. బడి ప్రభుత్వానిదా ప్రైవేటుదా, అందులో ఎంతమంది చదువుతున్నారు అన్నవి లెక్కలోకి రావు. అన్నిటికంటే పైనున్న మొదటి డివిజన్‌లో ఇటీవలి ఏళ్ళలో ఎనిమిది జట్లకే చోటు దొరుకుతోంది. 2016 నుంచి 2024 వరకు, కోవిడ్ వల్ల ప్లేఆఫ్‌లు జరగని 2020ని మినహాయిస్తే, ఆ డివిజన్ విజేత ప్రతిసారీ మాటర్ డే అయినా అయింది, సెయింట్ జాన్ బాస్కో అయినా అయింది. 2025లో ఆ వరుసను తెంచిన జట్టు కూడా అదే లీగులోని శాంటా మార్గరిటా కావడం గమనించండి. దాని కోచ్ కార్సన్ పామర్ ఆ బడి పూర్వ విద్యార్థే, 2002లో కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ అందుకున్నవాడు.

ఇంత బలం ఒకే చోట ఎందుకు పోగయిందో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే మీ అబ్బాయి ఎదుర్కోబోయే పరిస్థితి అందులోనే ఉంది. పబ్లిక్ స్కూలుకు, అంటే మన భాషలో ప్రభుత్వ బడికి, ఫలానా వీధుల పిల్లలు అని హద్దులుంటాయి. ప్రైవేటు బడికి ఆ హద్దు లేదు. ఆరెంజ్, లాస్ ఏంజెలెస్, రివర్‌సైడ్ కౌంటీల్లో ఏ మూల నుంచైనా పిల్లవాడు వచ్చి చేరవచ్చు. మంచి ఆటగాళ్ళున్న చోటికి కాలేజీ కోచ్‌లు వస్తారు, కాలేజీ కోచ్‌లు వచ్చే చోటికి ఇంకా మంచి ఆటగాళ్ళు వస్తారు. ఈ చక్రం ఇన్నేళ్ళు తిరిగిన ఫలితమే నేటి ట్రినిటీ లీగు. దీన్ని తట్టుకుని నిలబడిన పబ్లిక్ స్కూళ్ళు లేకపోలేదు. కొరోనాలోని సెంటెన్నియల్, మీ కౌంటీలోనే ఉన్న మిషన్ వియహో అలాంటివి. అయితే అవి అరుదు. 2024 నుంచి ఆరెంజ్ కౌంటీలో ఫుట్‌బాల్ లీగులను జట్ల బలాన్ని బట్టి కొత్తగా కూర్చినప్పుడు కూడా ట్రినిటీని మాత్రం దాని మానాన దాన్ని ఉంచేశారు.

అన్ని రాష్ట్రాల్లోనూ ఇలా ఉండదు. న్యూజెర్సీలో ప్రైవేటు బడుల ప్లేఆఫ్‌లు వేరు, పబ్లిక్ స్కూళ్ళవి వేరు. టెక్సస్‌లో ప్రైవేటు బడులకు వేరే సంఘమే ఉంది. డాలస్ జెస్యూట్, హ్యూస్టన్‌లోని స్ట్రేక్ జెస్యూట్ అనే రెండు బడులు మాత్రం పబ్లిక్ స్కూళ్ళతో కలిసి అతిపెద్ద బడుల తరగతిలో ఆడతాయి. ఆ ఊళ్ళలో ఉన్న తెలుగువారు ఈ సమాధానాన్ని తమ పిల్లలకు అన్వయించుకునే ముందు తమ రాష్ట్రపు నియమాలు చూసుకోవాలి.

ఇక మీ అబ్బాయి సంగతి. డివిజన్ అనేది జట్టుకు సంబంధించిన మాట. మొదటి డివిజన్‌లో జట్టు ఆడుతుంది. ఆ జట్టులో మీ అబ్బాయి ఎన్ని నిమిషాలు ఆడతాడన్నది పూర్తిగా వేరే ప్రశ్న, ట్రైనరు మీకు జవాబు చెప్పని ప్రశ్న కూడా అదే. అలాంటి బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు ఫ్రెష్‌మన్ జట్టు, ఆపైన రెండో జట్టైన జూనియర్ వర్సిటీ, ఆపైన బడి ప్రధాన జట్టైన వర్సిటీ ఉంటాయి. శుక్రవారం రాత్రి స్టేడియం నిండిపోయేది, టీవీలో వచ్చేది, కాలేజీ కోచ్‌లు చూసేది వర్సిటీ ఆట. అక్కడ కార్నర్‌బ్యాక్‌గా నిలబడే అబ్బాయికి చాలాసార్లు అప్పటికే పెద్ద విశ్వవిద్యాలయాల పిలుపులు అందాయి. రెండేళ్ళు ఓపికగా ఎదురుచూసిన స్థానంలోకి పదకొండో తరగతిలో మరో బడి నుంచి వచ్చిన కుర్రాడు నేరుగా వచ్చి నిలబడటం కూడా అంత పెద్ద జట్లలో జరిగే పనే. జట్టు గెలవాలి కాబట్టి కోచ్ అలా చేస్తాడు, అందులో ఆయనను తప్పు పట్టలేము.

ఆ బడి ఇచ్చే మేలును తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. కార్నర్‌బ్యాక్ సాధన ఒకటి దగ్గరగా చూస్తే అది అర్థమవుతుంది. ఒక వరుసలో బంతి అందుకునే రిసీవర్లు, ఎదుటి వరుసలో కార్నర్‌బ్యాకులు నిలబడతారు. బంతి కదలగానే రిసీవరు దూసుకొస్తాడు. ఇతను వెనక్కి అడుగులు వేస్తూ, భుజాల విసురుకు మోసపోకుండా అతని నడుము మీదే చూపు నిలిపి, అతను మలుపు తిరిగిన క్షణంలోనే తానూ తుంటి తిప్పి వెంట పరిగెత్తాలి. అర సెకను ఆలస్యమైతే బంతి అవతలివాడి చేతిలో ఉంటుంది. ఎదురుగా ఉన్న రిసీవరు ఎంత గట్టివాడైతే ఇతని పాదాలు అంత త్వరగా నేర్చుకుంటాయి. మాటర్ డేలో, తరువాత ఎన్‌ఎఫ్ఎల్ అనే వృత్తి ఫుట్‌బాల్ లీగుకు ఎదిగిన అమోన్-రా సెయింట్ బ్రౌన్ లాంటి రిసీవరు చదువుకున్న రోజుల్లో అతన్ని రోజూ అడ్డుకోవలసివచ్చిన పిల్లలు ఎంత నేర్చుకుని ఉంటారో ఊహించుకోవచ్చు. సెయింట్ జాన్ బాస్కోలో చదివిన ట్రెంట్ మెక్‌డఫీ 2022లో ఎన్‌ఎఫ్ఎల్ జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్టులో మొదటి రౌండులోనే కాన్సస్ సిటీకి ఎంపికైన కార్నర్‌బ్యాక్. ఆ లీగు తయారుచేసిన ఆటగాళ్ళు వీళ్ళు, సందేహం లేదు. అయితే ఆ వరుసలో నాలుగో వాడిగానో అయిదో వాడిగానో నిలబడిన పిల్లవాడికి ఒక సాయంత్రంలో ఎన్నిసార్లు వంతు వస్తుందో చూడండి. జట్టంతా కలిసి ఆడే సాధన మొదలవగానే అతను గీత అవతల హెల్మెట్ చేత్తో పట్టుకుని చూస్తూ ఉంటాడు. పద్నాలుగేళ్ళవాడు ఆట నేర్చుకునేది ఆడినప్పుడే. ఇంటి దగ్గరి బడిలో, అది ఆరో డివిజన్‌లో ఉన్నా పదో డివిజన్‌లో ఉన్నా, పదో తరగతికే వర్సిటీలో నిలబడి, తప్పు చేసి, ఆ తప్పును మరుసటి వారం దిద్దుకునే అవకాశం దొరికితే అది చిన్న విషయం కాదు.

కాలేజీల వాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారన్న మాటను కూడా తూచి చూడాలి. దేశంలో హైస్కూలు ఫుట్‌బాల్ ఆడే పిల్లలు దాదాపు పది లక్షల మంది. వాళ్ళలో ఏదో ఒక స్థాయి కాలేజీ జట్టులో ఆడేది నూటికి ఏడుగురు. అత్యున్నతమైన డివిజన్ వన్ కాలేజీలకు చేరేది నూటికి ముగ్గురి లోపే. 2025 నుంచి డివిజన్ వన్‌లోని పెద్ద కాలేజీల్లో ఫుట్‌బాల్ జట్టుకు 105 మందికి మించకూడదన్న పరిమితి వచ్చింది. పైగా ఇప్పుడు కాలేజీ కోచ్‌లు హైస్కూలు పిల్లవాడికి బదులు మరో కాలేజీలో రెండేళ్ళు ఆడి రాటుదేలిన వాడిని తెచ్చుకోవడానికి మొగ్గు చూపుతున్నారు. మరోవైపు, నిజంగా ప్రతిభ ఉన్నవాడిని చిన్న బడి శాశ్వతంగా దాచేయలేదు. ఎన్‌ఎఫ్ఎల్‌లో బఫలో బిల్స్ జట్టుకు బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ జోష్ అలెన్ ఫ్రెస్నో కౌంటీలోని ఫైర్‌బా అనే చిన్న వ్యవసాయపు ఊరి పబ్లిక్ స్కూల్లో చదివాడు. బడి పూర్తయ్యేనాటికి పెద్ద కాలేజీ ఒక్కటీ పిలవలేదు. రీడ్లీ అనే జూనియర్ కాలేజీలో ఆడి, అక్కడి నుంచి వయోమింగ్ వెళ్ళి, 2018 డ్రాఫ్టులో ఏడో ఆటగాడిగా ఎంపికై, 2024 సీజనుకు ఎన్‌ఎఫ్ఎల్‌లోనే అత్యంత విలువైన ఆటగాడిగా గుర్తింపు పొందాడు. మరో ఎన్‌ఎఫ్ఎల్ క్వార్టర్‌బ్యాక్ సీజే స్ట్రౌడ్ చదివింది కూడా రాంచో కుకమొంగాలోని పబ్లిక్ స్కూల్లోనే. ఇప్పుడు ఏ బడి ఆటైనా వీడియోగా కోచ్‌లకు చేరుతుంది. అందుచేత ఆటగాడిగా చూపించుకోవడానికి ముందు ఆడిన ఆట ఉండాలి.

మీ ఇంట్లో చదువుకు విలువ ఎక్కువని మీ లేఖలోనే తెలుస్తోంది కాబట్టి మరొక మాట. ఐవీ లీగు కాలేజీలు ఆట పేరుతో స్కాలర్‌షిప్ ఇవ్వవు, కానీ చదువులో గట్టిగా ఉన్న ఆటగాడి కోసం వెతుకుతాయి. మీకు దగ్గర్లోనే ఆరెంజ్‌లోని చాప్‌మన్ విశ్వవిద్యాలయం, క్లేర్‌మాంట్‌లోని కాలేజీలు కాలేజీ క్రీడల మూడో డివిజన్‌లో ఫుట్‌బాల్ ఆడతాయి. ఆ దారుల్లో మార్కులకు ఉన్న బరువు లీగు పేరుకు లేదు. ఇర్వైన్ పబ్లిక్ స్కూళ్ళ చదువు గురించి నేను మీకు చెప్పనక్కరలేదు. చాలామంది తెలుగువారు ఆ ఊరికి వచ్చిందే అందుకోసం.

తలకు దెబ్బల గురించి మీ భయం న్యాయమైనది. అది ఏ బడికైనా వర్తిస్తుంది. 2015 జనవరి నుంచి అమల్లో ఉన్న కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఒళ్ళు ఒళ్ళు తాకే పూర్తిస్థాయి సాధన వారానికి రెండు రోజులకు, రోజుకు 90 నిమిషాలకు మించకూడదు. సీజన్ కాని రోజుల్లో అసలు పనికిరాదు. కంకషన్, అంటే దెబ్బకు మెదడు అదరడం, జరిగిందన్న అనుమానం వస్తే ఆ రోజుకు ఆట నుంచి తప్పించాలి. వైద్యుని రాతపూర్వక అనుమతి లేకుండా మళ్ళీ దింపకూడదు. కంకషన్ అని తేలితే కనీసం ఏడు రోజులపాటు అంచెలంచెలుగా ఆటలోకి తీసుకురావాలి. మీరు ఏ బడికి వెళ్ళినా గాయాలు చూసుకునే అథ్లెటిక్ ట్రైనరు రోజూ మైదానంలో ఉంటారా, ఆటల రోజుల్లోనే వస్తారా అని తప్పక అడగండి. కాస్త పలచగా ఉన్న పిల్లవాడు తనకంటే ఎంతో బరువైన వాళ్ళతో ఢీకొనవలసివచ్చే చోట ప్రమాదం పెరుగుతుందన్నది కూడా గుర్తుంచుకోండి. మీ అబ్బాయికి ఫ్రెష్‌మన్ జట్టు దాటి తొందరపడి పైకి వెళ్ళవలసిన అవసరం లేదు.

ఇప్పుడే నిర్ణయించుకోవడం ఎందుకు ముఖ్యమో చెబుతాను. తొమ్మిదో తరగతిలో మొదటిసారి చేరేటప్పుడు పిల్లవాడు ఏ బడిలో చేరినా మొదటిరోజు నుంచే ఆడవచ్చు. ఆ తరువాత ఇల్లు మారకుండా బడి మారితే, మొదటిసారి అయితే సీజన్‌లో దాదాపు సగం ఆటలకు కూర్చోవాలి. రెండోసారి అయితే పన్నెండు నెలలపాటు వర్సిటీ ఆడనివ్వరు. ప్రైవేటు నుంచి పబ్లిక్‌కు వచ్చినా ఇదే నియమం. అందువల్ల "ఒక ఏడాది అక్కడ చూసి, కుదరకపోతే వెనక్కి తెచ్చేద్దాం" అనుకుని చేర్చకండి.

ఎనిమిదో తరగతి మళ్ళీ చదివించమన్న సలహాను నేను ఒప్పుకోలేను. దక్షిణ కాలిఫోర్నియాలో ఆ పద్ధతి ఉంది, కొందరు లాభం పొందారు కూడా. కానీ తరగతిలో ఏ లోటూ లేని పిల్లవాణ్ణి తోటివాళ్ళంతా హైస్కూలుకు వెళ్ళిపోతుంటే వెనక ఉంచడం వాడి మనసుకు పెద్ద దెబ్బ. పైగా జూన్ 15 లోపు 19 ఏళ్ళు నిండితే ఆ తరువాతి సీజన్ ఆడనివ్వరన్న నియమం ఉంది. పుట్టినతేదీని బట్టి చివరి సంవత్సరమే చేజారిపోవచ్చు. ఒళ్ళు చేయడానికి హైస్కూల్లో నాలుగేళ్ళు ఉన్నాయి.

ఫీజు విషయానికి వస్తే, ఆ బడుల్లో ఏడాదికి సుమారు 20,000 డాలర్లు, కొన్నిచోట్ల అంతకు మించి అవుతుంది. కుటుంబ ఆదాయాన్ని బట్టి బడి ఇచ్చే ఆర్థిక సహాయం అందరికీ ఒకే కొలమానంతో ఇచ్చేది. దానికి దరఖాస్తు చేసుకోవడంలో తప్పు లేదు. కానీ ఆట కోసం ఫలానా బడిలో చేరమని ఎవరైనా, బడికి సంబంధం ఉన్నవారైనా లేనివారైనా, డబ్బు ఆశ చూపడం కాలిఫోర్నియా హైస్కూలు క్రీడా సమాఖ్య నియమాలకు విరుద్ధం. దాన్ని తీసుకున్న కుటుంబంలో నష్టపోయేది పిల్లవాడు. తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే 24 నెలల వరకు ఆటకు దూరం చేయవచ్చు. 2025 సీజన్‌లో సదరన్ సెక్షన్‌లో తప్పుడు పత్రాల కారణంగా పదుల సంఖ్యలో ఆటగాళ్ళు అనర్హులయ్యారు. ఒక ప్రైవేటు బడి సీజన్ మధ్యలోనే వర్సిటీ ఆటలు మానుకోవలసివచ్చింది. ఏ తప్పూ చేయని పిల్లలు కూడా దానితోపాటు నష్టపోయారు. కనుక ఆయనకు మర్యాదగా, స్పష్టంగా, వీలైతే రాతపూర్వకంగా "మా ఫీజు మేమే కట్టుకుంటాము, ఈ విషయం ఇక మాట్లాడవద్దు" అని చెప్పండి. మీ వారు కూడా ఆయనతో ఫోనులో ఈ మాట ముందుకు తీసుకువెళ్ళకుండా చూడండి.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఇంటి దగ్గరి పబ్లిక్ స్కూలే మీ అబ్బాయికి సరైనది. ఎక్కడైనా సరే, ఆడనిస్తే చాలు అని వాడు అన్నాడు. ఇంత మంది పెద్దల మధ్య ప్రశ్నను సూటిగా పట్టుకున్నది వాడే. నా అభిప్రాయం మారాలంటే మూడు విషయాలు కలిసి రావాలి. ప్రైవేటు బడి చదువు, వాతావరణం ఫుట్‌బాల్ లేకపోయినా మీకు నచ్చాలి. కాలేజీ కోసం దాచిన డబ్బును ముట్టుకోకుండా నాలుగేళ్ళ ఫీజు కట్టగలగాలి. పదకొండో తరగతి దాకా జూనియర్ వర్సిటీలోనే ఉండవలసివచ్చినా సంతోషంగా ఉంటానని అబ్బాయి, మీరు పక్కన లేనప్పుడు తండ్రితో చెప్పగలగాలి. మూడూ కుదిరితే నిస్సంకోచంగా పంపండి. ఆ లీగులో వర్సిటీ గీత దాటిన పిల్లవాడు ఏ మైదానంలోనైనా నిలబడగలడు.

మీ వారిని ఒప్పించడానికి వాదన కంటే చూడటం మంచిది. సీజన్ నడుస్తున్న రోజుల్లో శుక్రవారం పెద్ద ఆటకు కాకుండా, అదే బడి ఫ్రెష్‌మన్ ఆటకు మీ ముగ్గురూ వెళ్ళండి. కార్నర్‌బ్యాకులుగా ఎంతమంది దిగుతున్నారో, రెండో సగంలో కూడా బల్ల మీదే కూర్చున్నవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టమని అబ్బాయికే చెప్పండి. ఆ వారంలోనే మీ ఇంటి దగ్గరి బడి ఆటా చూడండి. రెండు చోట్లా కోచ్‌ను కలిసి, పోయినేడాది తొమ్మిదో తరగతిలో చేరిన కార్నర్‌బ్యాకులు ఇప్పుడు ఏ జట్టులో ఉన్నారని అడగండి. సూటిగా జవాబిచ్చే కోచ్ ఎవరో మీకే తెలుస్తుంది. ప్రైవేటు బడుల దరఖాస్తులు ఎనిమిదో తరగతి మధ్యలోనే ముగుస్తాయి కనుక ఈ పని వచ్చే వారాల్లోనే పెట్టుకోండి. గుంటూరులోని మామగారికి ఆ తరువాత మీ అబ్బాయి చేతనే ఫోను చేయించండి.